పెద్ద సిస్టర్ సర్టిఫికెట్

"చేతులు కడిగినవా, తడిపినవా?"

మొన్న నిజామాబాదులో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే ఈ మాట చెవిన పడింది. తిరిగి చూశాను. పాతికేళ్ళు కూడా లేని ఒక నర్సు, తనకన్నా జానెడు ఎత్తున్న కుర్ర డాక్టరును నిలదీసి అడుగుతోంది. అతను గొణుక్కుంటూ మళ్ళీ నల్లా దగ్గరికి నడిచాడు. నేను ఆ పిల్లను పిలిచి, "ఈ మాట ఎవరు నేర్పారమ్మా?" అన్నాను.

"మా మేడం."

"ఆమెకు ఎవరు నేర్పారు?"

"ఆమెకు వాళ్ళ మేడం నేర్పి ఉంటది. ఎందుకమ్మా, తప్పన్నానా?"

తప్పేమీ అనలేదు. అయితే వాళ్ళ మేడానికీ, ఆ మేడం గారి మేడానికీ వెనక ఎవరున్నారో నాకు తెలుసు.

ఆమె పేరు రాయను. బతికున్న రోజుల్లో ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఊరి చివర మిషన్ దవాఖానలో అందరికీ ఆమె పెద్ద సిస్టర్. అక్కడి పెద్ద డాక్టరుగారు కూడా అలాగే పిలిచేవారు, కాస్త జంకుతూ.

మనిషి పొట్టి. గుండ్రంగా, గట్టిగా, నీళ్ళ కాగులా ఉండేది. బుగ్గన ఎప్పుడూ బెల్లం ముక్క ఒకటి ఉండేది, అందువల్ల ఎంత కోపంగా తిట్టినా మాట కాస్త తియ్యగా వచ్చేది. మగవాళ్ళ చేతి గడియారాన్ని పట్టీ తీసేసి, తలకిందులుగా పిన్నుతో జాకెట్టుకు తగిలించుకునేది. అది రోజుకు పావుగంట వెనకబడేది. బాగు చేయించమంటే వినేది కాదు. "నాడి సూసెతందుకు నిమిషం సక్కగుంటె సాలు. దినం ఎటన్న పోనీ," అనేది.

తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ మాట్లాడేది. తిట్లకు మాత్రం మరాఠీనే వాడేది. బోధన్ అవతల సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చే రోగుల దగ్గర నేర్చుకుందట. ఎందుకు మరాఠీయే అంటే, "పాస్టరయ్యకు తెల్వదు గద," అంది.

పొద్దున్నే వార్డులో ప్రార్థన చేసేది. అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు. "యేసయ్యా, డాక్టరు మీద ఒక కన్నేసి ఉంచు. రోగులను నేను సూసుకుంట," అనేది. డాక్టరుగారు కూడా చేతులు కట్టుకుని భక్తిగా "ఆమెన్" అనేవారు.

ఆమెకు పెళ్ళయిందా అన్నది దవాఖానలో పెద్ద పరిశోధన. మొగుణ్ణి పాము కరిచిందని ఒక రోగికి చెప్పింది. బొంబాయి మిల్లులో పనికి పోయి తిరిగొచ్చే తోవ మరిచిపోయాడని ఇంకొకరికి చెప్పింది. గురక పెడతాడని వారం రోజులకే వాపసు చేశానని నర్సులకు చెప్పింది. మూడూ ఒకే ఆదివారం నా చెవిన పడ్డాయి. ఏది నిజమని అడిగితే, "నీకు ఏది మంచిగనిపిస్తె గది రాసుకో," అంది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళింది సేవ చేయడానికి కాదు. సర్టిఫికెట్ కోసం.

అరవైల నాటి మాట. పీయూసీ అయ్యాక మెడిసిన్ సీటుకు దరఖాస్తు పెట్టాను. మార్కులు చాలక రాలేదు. బీఎస్సీలో చేరాను. డిగ్రీ పాసైనవాళ్ళు మరొక్కసారి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మార్కులు చూస్తారు, ఇంటర్వ్యూ చేస్తారు. మొదటి ఏడాదిలోనే మా జువాలజీ లెక్చరర్ నన్ను పిలిచి, "మార్కులు అందరికీ ఉంటాయమ్మా. దరఖాస్తులో ఇంకేదైనా కనపడాలి. నీ కాగితంలో ఏముంది?" అని అడిగారు.

నా కాగితంలో ఏమీ లేదు. మా క్లాసులో ఒకతనికి ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఉంది. ఒకామె వక్తృత్వంలో కప్పు గెలిచింది. ఒక వకీలు గారబ్బాయి టెన్నిస్ ఆడేవాడు. మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను నిజామాబాదులో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటూ, కాలేజీ నుంచి రాగానే ఆమె పక్కన కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. ఆ పనిలో నా చేయి చాలా చురుకు. కానీ దరఖాస్తులో దానికి గడి లేదు.

"మిషన్ దవాఖానలో నాలుగు రోజులు సాయం చేసి ఒక సర్టిఫికెట్ తెచ్చుకో," అన్నారు లెక్చరర్. నేను మంచి చీర కట్టుకుని వెళ్ళాను. పెద్ద డాక్టరుగారు నవ్వుతూ విని, వేలితో వార్డు వైపు చూపించారు. అక్కడ పెద్ద సిస్టర్ ఒక ముసలాయన వీపు తుడుస్తోంది.

"ఏం గావాలె?"

"సర్టిఫికెట్ కావాలి."

"ఏం రోగం?"

"రోగం లేదు. మెడిసిన్ దరఖాస్తుకు."

"గదే రోగం," అని ముసలాయనను రెండో వైపు తిప్పింది. "సదువుతున్నవా? ఎన్నేండ్లున్నది ఇంక?"

"రెండేళ్ళకు పైనే."

"అయితె రెండేండ్లు రా. ప్రతి ఐతారం. పొద్దుగాల ఎనిమిదికి. సంతకం ఆఖరి ఐతారం పెడత."

"ఆదివారం మీకు చర్చి ఉంటుంది కదండీ?"

"రోగాలు చర్చికి పోవు పిల్లా. ఆ చీర కట్టుకొని రాకు."

మొదటి నెలంతా నేను నేర్చుకున్నది చేతులు కడుక్కోవడం ఒక్కటే. మోచేతుల దాకా, గోళ్ళ సందుల్లోకి, సబ్బుతో. కడిగి వచ్చి చూపిస్తే వాసన చూసి, "కడిగినవా, తడిపినవా?" అనేది. నాలుగుసార్లు వెనక్కి పంపేది. ఆ తరవాత దూది చుట్టడం, దుప్పట్లు మడవడం, మంచం పట్టినవాళ్ళకు గంజి తాగించడం, వాళ్ళ దొడ్డి గిన్నెలు ఎత్తడం. మందుల జోలికి రానిచ్చేది కాదు. మూడో నెలలో, "నేను డాక్టరు కావాలని వచ్చాను, ఇవన్నీ..." అని నసిగాను.

"డాక్టరంటె ఏమనుకున్నవు? మేము రాత్రంత సూసి పొద్దుగాల చెప్తం. ఆయన మా మాటనే ఇంగ్లీషుల రాసి సంతకం పెడతడు. నువ్వు గా ఇంగ్లీషు తర్వాత నేర్సుకో. ముందు సూసుడు నేర్సుకో."

అసలు చిక్కు అక్కడే ఉంది. నేను చూడలేను. రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కప్పను కోసేటప్పుడు కప్పలో రక్తం పెద్దగా ఉండదు కాబట్టి కాలేజీలోనూ తెలియలేదు.

చెరుకు నరికే రోజులవి. కొడవలితో చేయి తెగి, దానికి తుండుగుడ్డ చుట్టుకుని ఒకాయన వచ్చాడు. సిస్టర్ ఆ గుడ్డ విప్పడం నాకు గుర్తుంది. తరవాత కళ్ళు తెరిచేసరికి నేను నేల మీద ఉన్నాను, అతను తన మంచి చేత్తో నాకు విసురుతున్నాడు.

రెండోసారి కాన్పు గదిలో. బిడ్డ బయటికి వచ్చే వేళకు నేను పడ్డాను. నన్ను తీసుకెళ్ళి పక్క మంచం మీద వేశారు. కాసేపటికి ఆ బాలింత తల తిప్పి, జాలిగా, "సిస్టరమ్మా, ఆ పిల్లకు ఎన్నో నెల?" అని అడిగింది.

ఆ సాయంత్రం నేను ఏడ్చాను. ఇక రానన్నాను. సిస్టర్ నోట్లోకి ఇంకో బెల్లం ముక్క వేసుకుని తాపీగా చెప్పింది.

"పడుడు తప్పు గాదు. ముందటికి పడుతున్నవు, గది తప్పు. ముందట రోగి ఉంటడు. పడితె ఎనుకకు పడు."

అంతకు మించి ఓదార్పు దొరకలేదు. మరుసటి ఆదివారం గోడకు ఆనుకుని నిలబడటం నేర్చుకున్నాను.

రెండో ఏడు, ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగ్ సీజనులో ఒక బండి మనిషిని తెచ్చారు. చెరుకు బండి చక్రం పాదం మీదుగా పోయింది. సిస్టర్ నన్ను పిలిచి, "కాలు లేపి పట్టుకో. వదిలితె సంపుత," అంది. పట్టుకున్నాను. అతనికి నొప్పి కన్నా ఎద్దుల బెంగ ఎక్కువగా ఉంది.

"నా ఎడ్లు ఏడున్నయ్ బిడ్డా?"

"మీవాళ్ళు పట్టుకున్నరట."

"ఎర్రదానికి నీళ్ళు పెట్టిన్రా? అది మందిల తాగది. పక్కకు తోల్కపోవాలె."

"తోల్కపోతరు. ఎర్రది ఎన్నేండ్లది?"

అతను చెబుతూ పోయాడు, నేను అడుగుతూ పోయాను. ఎర్రెద్దు ఎక్కడ కొన్నాడు, ఎంత మొండిది, ఎవరిని పొడిచింది. సిస్టర్ కడిగి, కట్టు కట్టి, లేచింది. అప్పుడు నాకు తెలిసింది, నేను ఇంకా నిలబడే ఉన్నానని. పడిపోవడానికి తీరిక దొరకలేదు.

"ఇయ్యాల ఎందుకు పడలె?" అంది సిస్టర్, చేతులు కడుగుతూ.

"ఆయన మాట్లాడుతుంటే వింటున్నాను."

"గంతే," అంది. మెచ్చుకోలు అంతవరకే.

ఆమె నన్ను నిజంగా కోప్పడింది ఒక్కసారే, అదీ రక్తం లేని చోట. నందిపేట వైపు నుంచి కడుపు ఉబ్బిన ఒక అవ్వను తెచ్చారు. తాగిన గంజి ఇమడటం లేదు. నేను పక్కన కూర్చుంటే నా చేయి పట్టుకుని, "నాకు తక్కువైతదా బిడ్డా?" అని అడిగింది. "తక్కువైతది అవ్వా, మంచిగ నడుస్తవు," అన్నాను. అంటుంటే నాకే ఎంతో హాయిగా అనిపించింది.

సిస్టర్ నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"తక్కువైతదని నీకెట్ల ఎరుక?"

"ధైర్యం చెప్పాను."

"ఎవ్వలికి? ఆమెకా, నీకా? పొద్దుగాల ఇంటికి పోత, మనుమరాలిని సూసుకుంట అన్నది. బండి గూడ తెప్పిచ్చిన్రు. ఇప్పుడేమో తక్కువైనంకనే పోత అంటున్నది. నీ నోటి మాటకు ఆమె ఈడ ఉండి సచ్చిపోతె ఆ పిల్లను ఎప్పుడు సూస్తది? పో. నువ్వే పోయి చెప్పు."

కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాను. అవ్వ మంచం పక్కన కూర్చుని, "అవ్వా, తక్కువైతదో లేదో నాకు తెల్వదు. ఊకెనే అన్న," అన్నాను. చెంపలు మండిపోతున్నాయి.

అవ్వ నా చేయి తట్టింది. "నాకెరుకనే బిడ్డా. నువ్వు సిన్నదానివి, బాధపడతవని ఊఁ అన్న. బండి ఉన్నదా, పోయిందా?"

బండి ఉంది. అవ్వ ఆ పూటే ఇంటికి వెళ్ళిపోయింది.

మూడో ఏడు పరీక్షలు అయ్యాయి. మెడిసిన్ దరఖాస్తు తెచ్చుకున్నాను. అదే వారం బోధన్‌లో మా ఇంటికి ఇంకో ఉత్తరం వచ్చింది. టీచర్ ట్రైనింగులో నాకు సీటు ఇచ్చారు, పదిహేను రోజుల్లో చేరాలి. చేరితే ఏడాదిలో కొలువు. చేరకపోతే ఆ సీటు పోతుంది, మెడిసిన్ సంగతి ఇంటర్వ్యూ అయితే గానీ తేలదు. బాపు ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీ అంతా తిరిగి చూపించాడు. ఆ ఆదివారం దుప్పట్లు మడుస్తూ సిస్టర్‌కు చెప్పాను. ఆమె ఊఁ కొట్టింది, అంతే.

బుధవారం నాడు ఆమె బోధన్ బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ మా ఇంటికి వచ్చింది. బాపు కంగారుపడి కుర్చీ వేశాడు, చెరుకు రసం తెప్పించాడు. ఆమె ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు కింద పెట్టింది.

"పోరిని ట్రైనింగుకు పంపుతున్నవట."

"చేతికొచ్చిన కొలువు సిస్టరమ్మా. మెడిసిన్ వస్తదని నువ్వు మాటిస్తవా? రాదంటె రెండూ పోతయి."

"నేనెట్ల మాటిస్త? నాకేమెరుక?"

బాపు తెల్లబోయాడు. ఇంత దూరం వచ్చిన మనిషి గట్టిగా భరోసా ఇస్తుందనుకున్నాడు. నేను తలుపు వెనక నిలబడి, ఒక్క అబద్ధం చెబితే ఏం పోయిందని లోలోపల తిట్టుకుంటున్నాను.

"సూడు తమ్మీ," అంది సిస్టర్. "మెడిసిన్ రాకుంటె మల్ల ఏడాది ట్రైనింగుకు పెట్టుకోవచ్చు. టీచరైనంక మెడిసిన్‌కు పోరాదు. దినాం మిషిన్ల దగ్గర పనిచేసెటోనివి. ఏ నట్టు ముందు తిప్పాలె, ఏది ఎనుక తిప్పాలె నీకు నేను చెప్పాల్నా?"

బాపు లేచి గుమ్మంలోకి వెళ్ళాడు. బయట గాలికి ఫ్యాక్టరీ పొగ గొట్టం నుంచి మసి రాలుతోంది, తీగ మీద ఆరేసిన బట్టల మీద పడుతోంది. ఆఖరుకు ఆ ఉత్తరం జేబులోంచి తీసి నాకిచ్చాడు. "నీ ఇష్టం. ఒక్కసారే. మల్ల అడగద్దు," అన్నాడు.

ఇక సర్టిఫికెట్. పెద్ద డాక్టరుగారు మంచి కాగితం మీద టైపు చేయించి ఇచ్చారు. నేను శ్రమజీవినట, నిజాయితీపరురాలినట, తెలివైనదాన్నట, నా భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని ఆయన కోరుకుంటున్నారట. నేను పొంగిపోయి సిస్టర్‌కు చూపించాను. ఆమె కాగితాన్ని దూరంగా పెట్టి చదివింది.

"గిది నీ గురించేనా? మన గేటు కాడి గుర్రం బండి గుర్రానికి రాసినా గిట్లనే ఉంటది. ఆగు."

కేసుషీటు ఒకటి తీసి, వెనక వైపు రాయడం మొదలుపెట్టింది. ఆమె ఇంగ్లీషు కేసుషీటు ఇంగ్లీషు. క్రియాపదాలు అరుదు. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"వచ్చినప్పటి స్థితి: రక్తం చూస్తే పడిపోవును. రెండుసార్లు పడినది. ఒకసారి రోగి మీద. చేతులు శుభ్రముగా లేవు. ఒక రోగికి అబద్ధము చెప్పినది. తానే వెళ్ళి సరిదిద్దుకొన్నది. ప్రస్తుత స్థితి: నిలబడును. చేతులు శుభ్రము, కానీ నిదానము. ప్రశ్నలు ఎక్కువ. రెండేళ్ళలో మూడు ఆదివారాలు మాత్రమే గైరుహాజరు, ఒకసారి జ్వరము, రెండుసార్లు కారణము నమ్మశక్యముగా లేదు. సలహా: అడ్మిట్ చేయవలెను."

కింద సంతకం పెట్టి, డాక్టరుగారి చేత కూడా పెట్టించింది. ఆయన చదవకుండానే పెట్టారు.

ఆ కాగితం పట్టుకుని చిన్నమ్మ ఇంటికి వచ్చాను. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకదానిలో ఉజ్వల భవిష్యత్తు. ఇంకోదానిలో రోగి మీద పడిన పిల్ల. టీచర్ ట్రైనింగ్ వదులుకున్నాను. ఇది పోతే ఇక ఏమీ లేదు. డాక్టరుగారి కాగితాన్ని దరఖాస్తుకు గుచ్చాను. సిస్టర్ కాగితాన్ని జువాలజీ రికార్డు పుస్తకంలో దాచాను. తరవాతి ఆదివారం "పంపినవా?" అని ఆమె అడిగితే "పంపిన," అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక క్షణం చూసి, దుప్పట్లు మడవమంది.

హైదరాబాదులో ఇంటర్వ్యూ. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో మందమైన కళ్ళద్దాల ముసలి డాక్టరు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావని అడిగారు. పేదలకు సేవ చేయాలని అన్నాను. బయట బెంచీ మీద కూర్చున్న అందరూ అదే బట్టీ పట్టి ఉన్నారు. ఆయన ఆవలింత ఆపుకుని నా సర్టిఫికెట్ తిరగేశారు.

"శ్రమజీవి, నిజాయితీపరురాలు. ఇది జత చేశావు. రెండోది ఎందుకు జత చేయలేదు?"

"రెండోది... ఏమిటండీ?"

ఆయన ఫైలు కింది నుంచి ఒక కాగితం లాగారు. కేసుషీటు వెనక వైపు. అదే రాత. ఆమె ఇంకోటి రాసి తిన్నగా కాలేజీకే పోస్టులో పంపింది.

నాకు నేల కదిలినట్టయింది. వెనకాల గోడ కూడా లేదు. ఆయన గట్టిగా పైకి చదవడం మొదలుపెట్టారు. 'ఒకసారి రోగి మీద' దగ్గర పక్కనున్నాయన ముక్కు రుద్దుకున్నారు. 'కారణము నమ్మశక్యముగా లేదు' దగ్గర మూడో ఆయన నవ్వేశారు.

"ఇవన్నీ నిజమేనా?"

"నిజమే సార్."

"మరి ఎందుకు దాచావు?"

సమాధానం వెతికితే ఏదో ఒకటి దొరికేదే. కానీ అలసిపోయాను. "సీటు రాదని భయపడ్డాను సార్. మా ఇంట్లో ఇదే ఆఖరి అవకాశం. పంపానని సిస్టర్‌కు కూడా అబద్ధం చెప్పాను," అన్నాను.

"అయితే అబద్ధాలు రెండు."

"అవును సార్. రెండోది ఇంకా సరిదిద్దుకోలేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తరవాత పావుగంట పాటు ఆయన అడిగినవన్నీ ఆ బండి మనిషి గురించే. పాదం ఏ రంగులో ఉంది, వేళ్ళు కదిలాయా, కట్టు ఎంత బిగువుగా కట్టారు, ఎడ్లు ఏమయ్యాయి. అన్నీ చెప్పాను. చూసినవే కాబట్టి తడుముకోలేదు.

మొదటి జాబితాలో నా పేరు లేదు. ఆ పది రోజులూ మా బాపు నాతో మాట్లాడలేదు, తిట్టనూ లేదు. అది ఇంకా కష్టంగా ఉండేది. రెండో జాబితాలో అడుగు నుంచి మూడో పేరు నాది.

నేను తిన్నగా దవాఖానకు వెళ్ళాను. సంతోషం కన్నా ఉక్రోషం ఎక్కువగా ఉంది.

"నాకు చెప్పకుండ ఎందుకు పంపినవ్ సిస్టరమ్మా? నేను పెట్టనని నీకెట్ల తెలుసు?"

"ఎవ్వలు పెడతరే?" అంది, మందు సీసాలు సర్దుతూ. "నేనైనా పెట్టకపోదును."

ఆ తరవాత చదువులో పడిపోయాను. సెలవులకు వచ్చినప్పుడు వెళ్ళి కనిపించేదాన్ని. నేను నేర్చుకున్న పెద్ద పెద్ద పేర్లు చెబితే ఆమె సాంతం విని, "గంత పేరు పెడితె రోగం బెదురుతదా?" అనేది.

హౌస్‌సర్జనుగా ఉన్న ఏడాది ఒక రోజు ఓపీలో రోగుల వరుస చూస్తున్నాను. పదిహేడో చీటీ మీద ఆమె పేరు. అంతవరకూ ఆ పేరు నేను ఆమె సంతకంలో తప్ప చూడలేదు. తల ఎత్తితే ఎదురుగా ఆమె, చేతిలో చిన్న గుడ్డసంచి. రైల్లో వచ్చి, తెల్లవారే వరుసలో నిలబడిందట. నన్ను ఎరిగినట్టు ఎవరికీ చెప్పలేదు.

రొమ్ములో గడ్డ. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, "ఏడాదిన్నర. పని మీద పడి సూసుకోలే," అంది. నర్సు చెప్పే అబద్ధం ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను. మా ప్రొఫెసరు పరీక్ష చేసి నన్ను పక్కకు పిలిచారు. బాగా పాకిపోయింది, కోసి లాభం లేదు, ఆరు నెలలు. రోగికి చెప్పకు, బంధువులెవరైనా వస్తే చెప్పు, అన్నారు. అప్పట్లో అదే పద్ధతి.

ఆమె తెర వెనక మంచం మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"వెంట ఎవరన్న వచ్చిన్రా?"

"నువ్వే ఉన్నవు గద. చెప్పు."

చెప్పాను. పేరు పెట్టి, ఎక్కడిదాకా పాకిందో, ఏం చేయగలమో, ఏం చేయలేమో. ఆరు నెలలన్నారని కూడా చెప్పాను.

ఆమె గడియారం వైపు చూసుకుంది. "ఆరు నెలలంటె దీపావళి దాటుతది. నీ లెక్క ఐతారం వచ్చే ఇద్దరు పోరగాండ్లకు దరఖాస్తులు పెట్టియ్యాలె ఇంక. సాలుతది," అంది. ఆ తరవాత నా చేయి పట్టుకుని కాసేపు కూర్చుంది. ఆమె అరచేయి చల్లగా, గరుకుగా ఉంది. ఆ రోజు ఏడ్చింది నేనే, తెరకు ఇవతలికి వచ్చాక.

నెల తిరిగేసరికి హాస్టలుకు పోస్టు కార్డు వచ్చింది. తెలుగులో, కేసుషీటు పద్ధతిలోనే: "ఒకటో నెల. అన్నం సయిస్తున్నది. వార్డుకు పోతున్న. ఉన్న."

అప్పటి నుంచి నెలకొక కార్డు, హౌస్‌సర్జన్ ఏడాది అయ్యి నేను అక్కడే పీజీలో చేరాక కూడా. ప్రతిదానికీ చివర ఆ ఒక్క మాట, ఇంకా ఉన్నానని. ఏడో నెల కార్డులో, "మీ ప్రొఫెసరుకు లెక్కలు రావని చెప్పు. ఉన్న." తొమ్మిదో నెల, "గడ్డ గాక కడుపైతె ఈపాటికి కాన్పన్న అయ్యేది. ఉన్న." పదకొండో నెల, "పోరగాండ్లిద్దరిల ఒకనికి సీటు వచ్చింది. రెండోడు ఏడుస్తున్నడు. మల్ల ఏడు పెట్టిస్త అన్న. ఉన్న." ఏడో కార్డు ప్రొఫెసరుగారికి నిజంగానే చూపించాను. ఆయన నవ్వలేదు, కార్డును రెండుసార్లు చదివి, "జాగ్రత్తగా దాచుకో," అన్నారు.

పదిహేనో నెల కార్డు రాలేదు. నాలుగు రోజులు చూసి, సెలవు పెట్టి నిజామాబాదు బండెక్కాను.

దవాఖాన వెనక ఆమె ఉండే గదిలో నర్సులు వంతులవారీగా కూర్చుంటున్నారు. మంచంలో ఆమె సగమైంది. నన్ను చూడగానే, "కారటు రాలేదని వచ్చినవా?" అంది. "చేతులు ఆడుతలెవ్వు. గా డబ్బల ఉన్నయి సూడు, ఒకటి తీయ్. రాయి."

కార్డు తీసి, మోకాలి మీద పెట్టుకుని, పెన్ను తెరిచాను.

"పదిహేనో నెల. చేతులు ఆడుతలెవ్వు. నోరు ఆడుతున్నది."

రాశాను. "ఎవరికి పంపాలె?"

"నీకే. అడ్రసు నీకెరుకనే గద. పోంగ పోంగ స్టేషను కాడ డబ్బల వెయ్యి."

నా పేరు, హాస్టలు చిరునామా నేనే రాసుకున్నాను. ఆ సాయంత్రం బండికి వెళ్ళేటప్పుడు ఎర్ర డబ్బాలో వేశాను. మరునాడు డ్యూటీలో ఉండగా తంతి వచ్చింది. వచ్చిన దారినే మళ్ళీ వెళ్ళాను. సమాధి దగ్గర పాస్టరుగారు చాలాసేపు మాట్లాడారు, ఆయనకు మరాఠీ ఇంకా రాలేదు. వెనకవైపు వరుసలో మా బాపు నిలబడి ఉన్నాడు, ఫ్యాక్టరీ బట్టల్లోనే, టోపీ చేత్తో పట్టుకుని.

రెండు రోజులకు హైదరాబాదు తిరిగి వచ్చి గది తలుపు తీస్తే, కార్డు గడప లోపల పడి ఉంది. నా చేతిరాత. పదిహేనో నెల, చేతులు, నోరు. చివర ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పి రాయించిన మాట.

ఉన్న.